లా స్పెజియాలో ఓడ దిగాక: చింక్వే తెర్రేకి రైలా, పడవా, టూరా?

మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేసుకున్న మనవాళ్లలో చాలామందికి ఒకే సందేహం వస్తుంది. ఓడ వాళ్ల టూర్ తీసుకోవాలా, మనంతట మనమే తిరిగి రావచ్చా? ఈ సందేహం అన్నిటికన్నా ఎక్కువగా వేధించే రేవు ఇటలీలోని లా స్పెజియా. అక్కడి నుంచి కొండ అంచున సముద్రం మీదకి ఒరిగినట్టుండే చింక్వే తెర్రే ఐదు ఊళ్లు రైల్లో పది నిమిషాల నుంచి అరగంట లోపు దూరం. దూరం చూస్తే సులువే. ఎక్కడ తికమక పడతారంటే, వెళ్లడానికి నాలుగు దారులున్నాయి, చూడటానికి ఐదు ఊళ్లున్నాయి, చేతిలో ఉన్నది మాత్రం ఒక్క పగలు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఓడ లా స్పెజియాలో ఆగితే, మీరు మామూలుగా నడవగలిగితే, సొంతంగా రైల్లో వెళ్లండి. రెండు ఊళ్లు నింపాదిగా చూడండి, మూడోది కుదిరితే బోనస్. ఓడ ఇంకో రేవు లివోర్నోలో ఆగితే చింక్వే తెర్రే ఆలోచనే మానుకోండి, అంతగా మనసు లాగితే ఓడ టూరే తీసుకోండి. అమ్మానాన్నలు వెంట ఉండి వాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే లా స్పెజియా దగ్గరే ఉన్న పోర్తోవెనెరె అనే ఊరికి వెళ్లండి. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు రేవు పేరు సరిగ్గా చదవండి

క్రూజ్ కంపెనీలు తమ కార్యక్రమంలో "ఫ్లోరెన్స్/పీసా" అని పెద్ద అక్షరాలతో వేసి, అసలు రేవు పేరు పక్కన బ్రాకెట్లో పెడతాయి. ఆ బ్రాకెట్లో కొన్నిసార్లు లివోర్నో ఉంటుంది, కొన్నిసార్లు లా స్పెజియా. మీ రోజంతా ఆ ఒక్క పేరు మీదే ఆధారపడి ఉంటుంది. రెంటికీ మధ్య రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. పైగా లివోర్నోలో రేవు నుంచి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరం కాదు. షటిల్ బస్సులో ఊళ్లోకి, అక్కడి నుంచి సిటీ బస్సులో స్టేషన్‌కి, అక్కడ రైలెక్కి లా స్పెజియాకి, అక్కడ మళ్లీ రైలు మారి ఊళ్లకి. అన్నీ సవ్యంగా కలిసినా పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు పోతాయి. ఏ ఒక్క రైలు తప్పినా సాయంత్రమంతా టెన్షనే. లివోర్నో నుంచి పీసా, లుక్కా హాయిగా చూసి రావచ్చు. అక్కడ దిగినవాళ్లకి నేను చెప్పేది అదే.

ఓడ జెనోవాలో ఆగితే లెక్క వేరు. అక్కడ ఓడ దిగే చోటు నుంచి పియాజ్జా ప్రిన్చిపె స్టేషన్ పది నిమిషాల నడక. చింక్వే తెర్రేలో మోంతెరోస్సో దాకా గంట, గంటన్నర పడుతుంది కాబట్టి వెళ్లి రావడం అసాధ్యమేమీ కాదు. కానీ దారిలోనే కమోలీ అనే ఊరుంది. అవే రంగురంగుల ఎత్తైన ఇళ్లు, గులకరాళ్ల తీరం, అక్కడి నుంచి పడవలో శాన్ ఫ్రుత్తువోసో అనే సముద్రపుటొడ్డు మఠం. జెనోవాలో దిగి చింక్వే తెర్రే దాకా పరుగెత్తడం కన్నా కమోలీలో దిగిపోవడమే తెలివైన పని.

చేతిలో నిజంగా ఎన్ని గంటలు

ఇక లా స్పెజియా సంగతి. ఓడ పొద్దున్న ఎనిమిదికి వచ్చి, సాయంత్రం ఆరింటికల్లా అందరూ ఎక్కాలన్నారనుకుందాం. పది గంటలుందని సంబరపడకండి. దిగడానికి అనుమతి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. రేవు లోపల నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కి టెర్మినల్ దాకా రావాలి. అక్కడి నుంచి లా స్పెజియా చెంత్రాలే స్టేషన్‌కి ఊరి మధ్యగా ఇరవై, ముప్పై నిమిషాల నడక. చివర్లో కొంచెం ఎత్తు ఎక్కాలి. టికెట్ల లైను, రైలు కోసం చూడటం, మొదటి రైలు కిక్కిరిసి ఉంటే వదిలేయడం, ఇవన్నీ కలిపితే ఊళ్లో కాలు పెట్టేసరికి పది, పదింబావు.

తిరుగు ప్రయాణంలో నాలుగింటికల్లా లా స్పెజియా స్టేషన్‌లో ఉండాలి. ఎక్కువ జాగ్రత్త అనిపించవచ్చు. కానీ సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. ఆలస్యమైతే మీ ఖర్చుతో మీరే తరవాతి రేవుకి చేరుకోవాలి. అలా చూస్తే చేతిలో మిగిలేది ఐదు గంటలు, అందులోనే భోజనం. ఐదు గంటల్లో ఐదు ఊళ్లు చూపిస్తామనే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ప్లాట్‌ఫారాలే.

రైలు: ఎక్కువమందికి ఇదే సరైనది

లా స్పెజియాకీ, ఐదు ఊళ్లు దాటాక వచ్చే లెవాంతోకీ మధ్య చింక్వే తెర్రే ఎక్స్‌ప్రెస్ అనే లోకల్ రైలు తిరుగుతుంది. సీజన్‌లో పగటిపూట పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకటి. లా స్పెజియా వైపు నుంచి వరసగా రియోమజ్జోరె, మనరోలా, కోర్నీల్యా, వెర్నాజ్జా, మోంతెరోస్సో. మొదటి ఊరు ఎనిమిది నిమిషాలు, చివరిది ఇరవై అయిదు. ఒక ఊరి నుంచి పక్క ఊరికి రెండు మూడు నిమిషాలే. దారంతా దాదాపు సొరంగాలే కాబట్టి కిటికీ సీటు కోసం కొట్టుకోనక్కర్లేదు. చీకటి, ఒక్క క్షణం నీలం, మళ్లీ చీకటి.

డబ్బు విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. విడి టికెట్ ధర రోజును బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది. ఒక్కో ప్రయాణానికి సుమారు 5 నుంచి 10 యూరోలు. రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే చింక్వే తెర్రే ట్రెనో కార్డు పెద్దవాళ్లకి సుమారు 20 నుంచి 33 యూరోల మధ్య ఉంటుంది, అదీ రోజును బట్టే. రెండు ఊళ్లే చూస్తే మూడు ప్రయాణాలు. అప్పుడు విడి టికెట్లే కాస్త చవక. మూడు ఊళ్లంటే నాలుగు ప్రయాణాలు, అక్కడి నుంచి కార్డు గిట్టుబాటవుతుంది. కొండ బాటలో నడిచే ఉద్దేశం ఉంటే కార్డే కొనండి, డబ్బు కట్టాల్సిన బాటలకి ప్రవేశం, ఊళ్లలో తిరిగే చిన్న బస్సులు అందులోనే వస్తాయి. ఏదైనా సరే ముందు రోజే ఫోన్లో కొనుక్కుంటే స్టేషన్ లైను తప్పుతుంది. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గరున్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకున్నాకే రైలెక్కండి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు, టూరిస్టులమంటే వినరు.

ఇంకో ముఖ్యమైన చిట్కా. ఓడ దిగినవాళ్లు, టూర్ గుంపులు అందరూ మొదట వచ్చే రియోమజ్జోరెలోనే దిగిపోతారు. మీరు దిగకండి. నేరుగా చివరి ఊరు మోంతెరోస్సో దాకా పోయి అక్కడి నుంచి వెనక్కి రండి. జనానికి ఎదురు వెళ్తారు, పైగా చూస్తున్నకొద్దీ ఓడకి దగ్గరవుతూ ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి ఓడకి దూరంగా చివరి ఊళ్లో ఉండటానికీ, ఓడ పక్క ఊళ్లో ఉండటానికీ మనశ్శాంతిలో చాలా తేడా ఉంది.

రైలు తలుపు తెరుచుకున్న ఆ అర నిమిషమే జేబుదొంగల సమయం. లా స్పెజియా ప్లాట్‌ఫారం మీద తోపులాటలో వెనక నుంచి ఎవరో మరీ అతిగా తోస్తున్నారంటే చెయ్యి బ్యాగు జిప్పు మీద ఉండాలి. టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లని నవ్వి పంపేయండి.

పడవ: బాగుంటుంది, కానీ ఒక్క వైపే

ఈ ఊళ్లు సముద్రం మీద నుంచి చూడటానికే కట్టారేమో అనిపిస్తుంది. ఊళ్లోకి దిగితే కనిపించేది సందులే. నీళ్ల మీద నుంచి చూస్తేనే కొండ మొత్తం, రాళ్లు పేర్చి కట్టిన గోడల మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు, వాటి కింద ఇరుక్కున్న ఇళ్లు ఒక్క చూపులో కనిపిస్తాయి. 1997లో యునెస్కో ఈ ఐదు ఊళ్లనీ పోర్తోవెనెరెతో, ఎదురుగా ఉన్న దీవులతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వందల ఏళ్లుగా సిమెంటు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన ఆ గోడలే ఇక్కడి అసలు గొప్ప.

పడవలు సుమారు మార్చి చివర నుంచి నవంబరు మొదటి దాకా తిరుగుతాయి. లా స్పెజియా ఒడ్డున ఎక్కితే పోర్తోవెనెరె మీదుగా ఊళ్లకి వెళ్తాయి, కోర్నీల్యాలో మాత్రం ఆగవు. ఆ ఊరు కొండ మీద ఉంది, దానికి రేవు లేదు. మోంతెరోస్సో దాకా ఆగుతూ ఆగుతూ రెండు గంటల దాకా పడుతుంది. రైల్లో ఇరవై అయిదు నిమిషాల దారి ఇది. రోజు టికెట్ ధర రైలు కార్డు కన్నా ఎక్కువే.

అసలు చిక్కు సముద్రంతో. అల కొంచెం లేస్తే పడవలు ఆపేస్తారు, పొద్దున్న ఎండగా ఉన్నా సరే. మనరోలాలాంటి చోట పడవ ముక్కు నేరుగా రాతి గట్టుకి ఆనించి, ఒక సన్నటి పలక వేస్తారు. పలక అలకి లేచి పడుతుంటుంది, ఇద్దరు సిబ్బంది చెరో చెయ్యీ పట్టుకుని దింపుతారు, దిగగానే ఎదురుగా నిటారు మెట్లు. చీర కట్టుకున్న అత్తగారినో, చంకలో పిల్లాడినో ఊహించుకుని నిర్ణయించుకోండి.

అందుకే పడవ కావాలంటే పోయేటప్పుడు ఎక్కండి, వచ్చేటప్పుడు రైల్లో రండి. మధ్యాహ్నం గాలి లేచి పడవ రద్దయినా మీ తిరుగు ప్రయాణానికి ఢోకా ఉండదు. సాయంత్రం చివరి పడవని నమ్ముకుని రోజు ప్లాన్ చేయడం మాత్రం వద్దే వద్దు.

ఓడ వాళ్ల టూర్, టాక్సీ

ఓడ టూర్‌కి మనిషికి వంద డాలర్లు దాటడం మామూలే. నలుగురు కుటుంబమైతే ఆ డబ్బుతో రైలు, భోజనం, ఐస్‌క్రీం అన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది. అంత కట్టినా చాలా టూర్లు ఆఖరికి ఎక్కించేది అదే రైలు, అదే పడవ, కాకపోతే ముందు జెండా పట్టుకున్న గైడ్ ఉంటారు. మీరు కొనేది ఒకే ఒక్క హామీ: టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. లివోర్నో నుంచి ఆ హామీకి విలువుంది. లా స్పెజియా నుంచి పది నిమిషాల రైలు దూరానికి లేదనే నా అభిప్రాయం. ఒంటరిగా ప్రయాణిస్తూ రైళ్లంటే భయపడేవాళ్లకి మాత్రం మినహాయింపు.

టాక్సీ, అద్దె కారు ఆలోచన వదిలేయండి. బయటి కార్లని ఊళ్ల పైనే ఆపేస్తారు, పార్కింగ్ దొరకదు, కొండ దారి మలుపులకి కడుపులో తిప్పుతుంది.

ఏ రెండు ఊళ్లు?

నన్నడిగితే మోంతెరోస్సో, వెర్నాజ్జా. కొంచెం వయసులో ఉండి మెట్లంటే లెక్కలేనివాళ్లయితే వెర్నాజ్జా, మనరోలా.

మోంతెరోస్సో అయిదింటిలో పెద్దది, చదునైనది. స్టేషన్ బయటికి రాగానే ఇసుక తీరం. మిగతా ఊళ్లలో బీచ్ పేరు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లలు నీళ్లలో దిగాలంటే ఇక్కడే. స్టేషన్ ఉన్నది కొత్త ఊరు. పాత ఊరికి చిన్న సొరంగం గుండా నడిచి వెళ్లాలి, చాలామంది బీచ్ చూసి ఊరంటే ఇంతేనని వెనక్కి వచ్చేస్తారు. తీరం చివర కొండరాతికి ఆనించి 1910లో సిమెంటుతో చేసిన సముద్ర దేవుడు నెప్ట్యూన్ పెద్ద విగ్రహం శిథిలంగా నిలబడి ఉంటుంది, అటూ నాలుగడుగులు వేయండి.

వెర్నాజ్జాలో రైలు దిగితే సగం ప్లాట్‌ఫారం సొరంగంలోనే ఉంటుంది. చీకట్లోంచి వెలుతురు వైపు జనంతో పాటు నడిచి మెట్లు దిగితే ఊరి ఒకే ఒక్క పెద్ద వీధి, అది వాలుగా సాగి చిన్న రేవు దగ్గర ఆగుతుంది. నీళ్లకి ఆనుకుని చర్చి, పైన కాపలా బురుజు, మధ్యలో గచ్చు మీదకి లాగిపెట్టిన పడవలు. 2011 అక్టోబరు 25న కొండ మీద నుంచి వచ్చిన బురద వరద ఈ వీధిని కప్పేసింది, మనుషులు చనిపోయారు, మోంతెరోస్సో కూడా దెబ్బతింది. ఇవాళ మీరు నడిచేది ఆ తరవాత మళ్లీ నిలబెట్టుకున్న వీధి.

మోంతెరోస్సో నుంచి వెర్నాజ్జాకి కొండ బాట కూడా ఉంది. మూడున్నర కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. దృశ్యం అద్భుతమే, కానీ మీ ఐదు గంటల్లో రెండు దానికే పోతాయి, ఎండాకాలంలో ఒళ్లు హూనమవుతుంది. ఏప్రిల్‌లో, అక్టోబరులో మాత్రం ఆలోచించవచ్చు. చెప్పులతో వెళ్లకండి, నునుపు అడుగు చెప్పులతో ఈ బాటల్లో తిరిగితే ఇక్కడి నేషనల్ పార్కు వాళ్లు జరిమానా వేస్తారు.

మనరోలా ఫొటోల ఊరు. పోస్టర్ల మీద కనిపించే ఆ దృశ్యం కావాలంటే రేవు దాటి కుడివైపు కొండ మలుపు దాకా ఐదు నిమిషాలు నడవాలి. పక్కనే ఉన్న రియోమజ్జోరె నుంచి ఇక్కడికి సముద్రం అంచున కిలోమీటరు లోపు పొడవున్న వియా దెల్లామోరె అనే బాట ఉంది. 2012లో రాళ్లు విరిగిపడి నలుగురు పర్యాటకులు గాయపడ్డాక మూసేసి, పన్నెండేళ్ల తరవాత 2024లో తెరిచారు. ఇప్పుడు టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఓడ ఎప్పుడు దిగనిస్తుందో తెలియనివాళ్లు పొద్దున్న స్లాట్ తీసుకోవద్దు, మధ్యాహ్నం తిరుగు దారిలో పడేలా పెట్టుకోండి. మనరోలా కోసం మాత్రమే దిగితే ఆ బాట లేకపోయినా లోటేమీ లేదు.

కోర్నీల్యా గురించి ఒక్క మాట చాలు. స్టేషన్ నుంచి ఊరికి 382 మెట్లు. చిన్న బస్సు ఉంది, కానీ రైలు దిగిన వందమందీ దాని ముందే నిలబడతారు. ఓడ రోజున ఇది మనకి కాదు.

అమ్మానాన్నలతో వెళ్తే

అమెరికాలో ఉండే పిల్లలు తల్లిదండ్రులని యూరప్ క్రూజ్‌కి తీసుకెళ్లడం ఇప్పుడు బాగా పెరిగింది. వాళ్లకి షెంగెన్ వీసా ఉండాలన్న సంగతి ఎలాగూ చూసుకుంటారు. ఓడ మధ్యలో షెంగెన్ బయటి దేశానికి పోయి తిరిగి వచ్చేదైతే మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో కూడా చూడండి.

పెద్దవాళ్లకి రైలు కన్నా పోర్తోవెనెరె నయం. ఆ ఊరికి రైలు లేదు, అందుకే గుంపులు కొంచెం తక్కువ. రేవు ఒడ్డు నుంచి పడవలో అరగంట. ఇది చాలావరకు అఖాతం లోపలి నీరు, బయటి సముద్రమంత ఊపదు. పడవ వద్దంటే సిటీ బస్సు కూడా అరగంటలో దింపుతుంది, మలుపులు ఎక్కువ. ఊళ్లో ఒడ్డు వెంట దారి చదునుగా ఉంటుంది, బెంచీలున్నాయి, వెనక వరసగా సన్నగా ఎత్తుగా రంగు ఇళ్లు. చివర కొండరాతి మీద నలుపు తెలుపు చారల శాన్ పియెత్రో చర్చి. అక్కడికి ఎక్కలేకపోయినా కింద నుంచే నిండుగా కనిపిస్తుంది. వాళ్లని కాఫీతో కూర్చోబెట్టి మీరు ఎక్కి రావచ్చు.

లేరిచి అనే ఊరు కూడా లా స్పెజియా నుంచి బస్సు దూరమే. కోట, చిన్న రేవు, స్థానికులు ఈత కొట్టే తీరం. ఆంగ్ల కవి షెల్లీ ఈ పక్కనే ఉండేవాడు. 1822 జూలైలో లివోర్నో నుంచి పడవలో ఇంటికి వస్తూ తుఫానులో మునిగి చనిపోయాడు. ఇదివరకే చింక్వే తెర్రే చూసినవాళ్లకి, రెండోసారి ఇదే రేవు వచ్చినవాళ్లకి లేరిచి మంచి ఎంపిక.

తిండి

శాకాహారులకి ఈ తీరం ఇటలీలోకెల్లా సుఖమైనది. ఫరినాతా అడగండి: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్లెంలో పొయ్యిలో కాల్చి, ముక్కలు కోసి కాగితంలో చుట్టి ఇస్తారు. మన శనగపిండి అట్టులాగే ఉంటుంది, అంచు కరకర, లోపల మెత్తగా. కారం ఉండదు, మిరియాల పొడి చల్లించుకోండి. పెస్తో (తులసి జాతి ఆకులతో నూరే పచ్చడి) కలిపిన పాస్తా ఈ ప్రాంతానిదే, బంగాళదుంప, బీన్స్ వేసి చేస్తారు, అందులో చీజ్ ఉంటుంది. "సెన్సా కార్నె, సెన్సా పేషె" అంటే మాంసం, చేప వద్దని అర్థమవుతుంది. చేప తినేవాళ్లు మోంతెరోస్సోలో ఆంచొవీలనే చిన్న చేపలు వదలకండి. టేబుల్ దగ్గర కూర్చుంటే మనిషికి ఇంతని కూర్చున్నందుకే బిల్లులో కలుపుతారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి.

రైళ్లు ఆగిన రోజు

ఇటలీలో రైల్వే సమ్మెలు అరుదేమీ కాదు. వాటి తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి ఓడ ఎక్కే ముందొకసారి చూసుకోండి. మామూలు పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య లోకల్ రైళ్లు నడిపి తీరాలని నిబంధన. మన దురదృష్టం, ఓడ వాళ్ల రోజు సరిగ్గా ఆ రెంటి మధ్యలో పడుతుంది. అప్పుడు సముద్రం ప్రశాంతంగా ఉంటే పడవలో పోర్తోవెనెరె వెళ్లి రండి. ఒకవేళ పడవలు కూడా లేకపోతే లా స్పెజియానే తిరగండి. పొద్దున్నపూట పియాజ్జా కావూర్ మార్కెట్లో కూరగాయలు, చేపలు, చీజ్ అంగళ్లు. పైన శాన్ జోర్జో కోటలో రాగి, ఇనుప యుగాల నాటి మనిషి ఆకారపు నిలువు రాళ్లున్న మ్యూజియం. కిందికి దిగి ఏ చిన్న హోటల్లోనైనా మెస్చూవా అడగండి. చిక్కుళ్లు, శనగలు, గోధుమలు కలిపి ఉడికించి పైన ఆలివ్ నూనె పోసి ఇచ్చే ఈ ఊరి సూప్ అది. అక్కడి నుంచి ఓడ షటిల్ ఎక్కే చోటు నడక దూరమే.